అక్షరదోషం లేదు

జూన్ 18

తల్లిదండ్రుల సమావేశమట. మా పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చిన పాపానికి నేనూ వెళ్ళి, ఆ ప్రభుత్వ హైస్కూలు బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని రెండు గంటలు కూర్చున్నాను. కమిటీ అధ్యక్షుడికి కళ్ళద్దాల షాపు ఉంది. ఊరందరికీ చూపు అమ్ముకునే పెద్దమనిషికి ఎదురుగా జనం ఆవలిస్తున్నది మాత్రం కనపడదు. మైకు చేతికొస్తే దించడు కాబట్టి ఆయనకి మైకు అని పేరు పెట్టుకున్నాను. ఈ పుస్తకంలో అలాగే రాస్తాను. ఇదెవరు చదవొచ్చారు గనక.

మైకు కొత్త ఆలోచన ఏమిటంటే, నెలకో పత్రిక. నాలుగు పేజీలు. బడి సంగతులు ఇంటింటికీ చేరాలట. పేరేం పెట్టాలని పదకొండు మంది కమిటీ నలభై నిమిషాలు కొట్టుకుని చివరికి ‘బడి గంట’ అని తేల్చారు. పదకొండు బుర్రలు కలిస్తే రెండు మాటలు పుట్టాయి. హెచ్చెమ్ మేడమ్ అన్నిటికీ తలూపింది. ఆవిడకి తలూపడం అలవాటు, వినడం కాదు.

అక్కడితో ఆగితే బాగుండేది. “మన తొమ్మిదో తరగతి పాప వాళ్ళమ్మగారు ప్రెస్సులో ప్రూఫ్ రీడరట! ఇంక మనకేం కావాలండీ?” అన్నాడు మైకు. అందరూ మెడలు తిప్పి నన్ను చూశారు. ఫారంలో తల్లి వృత్తి అన్నచోట మా పిల్ల రాసిందట. గృహిణి అని రాస్తే దాని సొమ్మేం పోయింది?

సరేనన్నాను. పదిహేనేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ దిద్దుతున్నాను గానీ కాదనడం మాత్రం నాకు చేతకాలేదు.

జూన్ 27

కాయితాలు వచ్చాయి. అన్నీ మైకు తన షాపు కంప్యూటర్లో టైపు చేసినవే. దేని కిందా పేరు లేదు. పేరెందుకు, వాసన చాలదూ? ‘కంటి పరీక్షలో నూట పద్దెనిమిది మంది ఉత్తీర్ణులు కాగా ఇరవై ముగ్గురు ఫెయిలయ్యారు!’ అన్నది మొదటి వార్త. ‘దంతవైద్యులు విచ్చేసి పిల్లలకు పళ్ళు పంచారు!’ అన్నది రెండోది. అవి తినే పళ్ళని మూడోసారి చదివితే గానీ నాకు అర్థం కాలేదు.

అరవై మూడు తప్పులు. చివరి హెడ్డింగు ‘ధన్యవాధాలు’. రెండో ధకి ఒత్తు తీసేశాను.

నేను దిద్దుతుంటే మా పిల్ల పక్కన కూర్చుని నోటుపుస్తకాలకి అట్టలు వేసుకుంది. ప్రెస్సు నుంచి నేను తెచ్చే పాత ప్రూఫులే ఏటా దాని అట్టలు.

“అమ్మా, మార్జిన్లో ఈ పెన్సిలు చుక్కలేంటి?” అంది.

“అనుమానం వచ్చినచోట ముందు చుక్క పెట్టుకుంటా. తేల్చుకున్నాక ఎర్ర పెన్నుతో దిద్ది, చుక్క చెరిపేస్తా.”

“నువ్వు చుక్క పెట్టి, దిద్దకుండా వదిలేసినవి ఉన్నాయా?”

“నా చేతిలో అలాంటివి ఉండవు” అన్నాను. అదేదో ఆలోచిస్తూ తలూపింది. ఈ మధ్య మేమిద్దరం ఇన్ని మాటలు మాట్లాడుకున్నది ఇవాళే.

జూలై 4

పత్రిక బయటికొచ్చింది. చివరి పేజీలో వేలెడు అక్షరాలతో ‘ధన్యవాధాలు’. దాని కింద ‘తప్పులు దిద్దిన మా ప్రూఫ్ రీడర్ అమ్మగారికి’ అని నా గురించి!

కమిటీ కార్యదర్శిగా ఉన్న నర్సు బస్టాపులో పట్టుకుంది. “ఇది మీరే దిద్దారటగా?” అని ఆ హెడ్డింగు మీద వేలు పెట్టి మరీ అడిగింది. ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది. ఒళ్ళు మండిపోయి తిన్నగా కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను.

“అదా అమ్మా! ఒత్తుంటే కాస్త నిండుగా ఉంటుందని ప్రెస్సుకి ఫోన్ చేసి మళ్ళీ నేనే పెట్టించాను. మిగతావన్నీ మీరు చెప్పినట్టేనండీ!” అన్నాడు నవ్వుతూ.

నిండుగా ఉంటుందట. ప్రెస్సు ఓనరు పొద్దుటి నుంచి నన్ను చూసినప్పుడల్లా “ధన్యవాధాలండీ” అంటున్నాడు.

సరే. ఇక నుంచి నా పని అక్షరదోషం వరకే. దీర్ఘాలు, ఒత్తులు, సున్నాలు. అర్థం సంగతి వాళ్ళ ఖర్మ.

జూలై 5

ధన్యవాధాలు!

జూలై 12

మా ఆయన అన్నం తింటూ, “పిల్ల ఏదో రాసుకుంటోంది, నేను వెళ్తే చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీకేమైనా చూపించిందా?” అన్నారు.

నాకెందుకు చూపిస్తుంది? ఆరో తరగతిలో నా పుట్టినరోజుకి ఉత్తరం రాసి తలగడ కింద పెట్టింది. నేను చదివి, చేతిలో ఎర్ర పెన్ను ఉంది గనక, దిద్ది ఇచ్చాను. తొమ్మిది తప్పులు. అందులో మూడు ఒకే తప్పు, కాబట్టి నిజానికి ఏడే. చివర ‘బాగుంది’ అని కూడా రాశాను. అప్పట్నుంచి దాని కాయితం ముక్క నా కంట పడలేదు. తప్పు చూపిస్తే అలిగే వాళ్ళు రాయడం ఎందుకు? అందరూ మైకుల్లాగే తయారవుతారు.

ఉత్తరంలో ఏం రాసిందో గుర్తు లేదు. తప్పులు గుర్తున్నాయి.

జూలై 29

ఆహా! ఇవాళ నా కడుపు చల్లబడింది.

రెండో సంచిక కాయితాలు వచ్చాయి. మూడో పేజీలో బడి గంట కొట్టే అటెండరు ఫోటో. పిల్లలందరూ గంట తాత అని పిలిచే ఆయన, వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. దాని మీద హెడ్డింగు: ‘కీర్తిశేషులు మా గంట తాత’.

కీర్తిశేషులు! మనిషి పోయి కీర్తి ఒక్కటే మిగిలినప్పుడు అనే మాటని, నిక్షేపంగా పొద్దున్నే గేటు తాళం తీస్తున్న మనిషికి తగిలించాడు మైకు. కీర్తి బోలెడంత ఉన్నవాడని అర్థం అనుకున్నాడు కాబోలు. ఒత్తుల్లాగే ఇదీ నిండుగా ఉందనిపించి ఉంటుంది. కింద చదివితే ఇంకా వినోదం. పోయినాయన నెలాఖరుకి రిటైరవుతాడట.

‘మూలమలుపులో పరుగెత్తుకొస్తున్న పిల్ల కనపడితే ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. ఆ పిల్ల గేటు దాటాకే రెండో గంట మోగుతుంది. అలా ఆయన ఆ పిల్లని ఎన్నిసార్లు కాపాడారో ఆయనకే లెక్క తెలీదు’ అని కవిత్వం కూడా ఉంది. ఎవరో తల్లి పొద్దున్నే పిల్లని టైముకి తెమిల్చి పంపదు, దాన్ని పట్టుకుని ఈయన కవిత్వం.

అలవాటు కొద్దీ మార్జిన్లో చుక్క పెట్టాను. ఎర్ర పెన్ను తీశాను. మూత పెట్టేశాను. రబ్బరుతో చుక్క చెరిపేశాను.

కీర్తిశేషులు అన్న మాటలో అక్షరదోషం లేదు. కీ దీర్ఘం ఉంది, త ఒత్తు సరిగా ఉంది, షకారం సరిగా ఉంది. నా పని అంతవరకే.

జూలై 30

ఇవాళ ప్రెస్సుకి సెలవు. పొద్దున బడికి వెళ్తూ మా పిల్ల, “ఈ నెల పత్రిక చూశావా అమ్మా? ఏమైనా బాగుందా?” అంది.

“బాగుండటమా? ఒకదాన్ని మించి ఒకటి చెత్త.”

“అన్నీనా?”

“అన్నీ. ఆ గంట తాత ముక్క ఉంది చూడు, అది చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.”

టిఫిను సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. ఎప్పటిలాగే లేటు. నేనేం అన్నానని?

ఆగస్టు 4

పత్రిక నిన్ననే వచ్చింది. ఊరు ఊరంతా నవ్వుతోంది. ఎవరో ఆ హెడ్డింగునీ ఫోటోనీ ఫోన్లో తీసి అందరికీ పంపారట. కింద ఉన్నది చదివే ఓపిక ఎవరికుంది? ‘అయ్యో పాపం’ అని నూట యాభై మంది సంతాపం చెప్పారట. గంట తాత బడికొస్తే ఆరో తరగతి పిల్లలు దయ్యం దయ్యం అని పరుగులు పెట్టారట.

మైకు ప్రార్థన దగ్గర అందరి ముందూ నిలబడి, “ఆ ముక్క నేనే రాశానండీ, నా తెలుగు అంతంతమాత్రం, పెద్దమనసుతో క్షమించండి” అన్నాడని నర్సు చెప్పింది. మొహం ఇంత మాడిపోయిందట. మైకు లేకుండా మాట్లాడాడట, మొదటిసారి.

ఆగస్టు 5

గంట తాత వాళ్ళక్క ఆ ఫోటో చూసి, ఫోన్ కూడా చెయ్యకుండా ఏడుస్తూ బస్సెక్కేసిందట. ఇక్కడ దిగుతూ పడింది. మణికట్టు విరిగింది.

ఆ బస్సు మెట్లు మరీ ఎత్తు. ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాను.

ఆగస్టు 7

మా పిల్ల మూడు రోజులుగా బడికి వెళ్ళలేదు. తలనొప్పి అంటుంది. జ్వరం లేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. వాళ్ళ నాన్న దగ్గర కూడా నోరు విప్పలేదు. లెక్కల పరీక్ష ఉందట, అదే అయి ఉంటుంది.

ఆగస్టు 9

అత్యవసర సమావేశం. ఈసారి బెంచీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు పాసయ్యారా ఫెయిలయ్యారా అని అడగడానికి రాని తండ్రులందరూ ఇవాళ హాజరు.

నర్సు లేచి, “ఒక ముసలావిడ చెయ్యి విరిగిందండీ. రాసినాయనకి తెలీదు సరే, దిద్దినావిడకి ఏమైంది?” అంది.

అందరూ నన్ను చూశారు. నేను లేచి నిలబడి, “ఆ మాటలో అక్షరదోషం లేదండీ. కావాలంటే నిఘంటువు తెచ్చి చూడండి. అర్థాలు మారిస్తే ఒత్తులు మళ్ళీ పెట్టించుకునే వాళ్ళున్నారు, అందుకని నేను అక్షరాల వరకే” అన్నాను. జనం ఘొల్లుమన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

మైకు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ నన్నే చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. “తప్పంతా నాదేనండీ, అధ్యక్ష పదవి వదిలేస్తున్నాను” అని బయటికి వెళ్ళిపోయాడు. హెచ్చెమ్ తలూపింది.

గెలిచాను. ఇంటికొచ్చి మా ఆయనకి అంతా అభినయించి చూపించాను. ఆయన నవ్వారు. మా పిల్ల గదిలోంచి బయటికొచ్చి, “ఆయన పదవి వదిలేశారా?” అని అడిగి, మళ్ళీ తలుపు వేసుకుంది.

ఆగస్టు 11

మా ఆయన కొత్త కళ్ళద్దాలు తయారయ్యాయని ఫోన్ వస్తే షాపుకి వెళ్ళాను. వెళ్ళకపోతే భయపడ్డాననుకుంటారని వెళ్ళాను.

షాపు పెద్దమనిషి లోపల అద్దాలు తుడుస్తున్నారు. కౌంటరు మీద అద్దం కింద అపాయింట్‌మెంట్లు, బిల్లులు, ఒక రూళ్ళ కాయితం. పైన ‘కీర్తిశేషులు’, కింద ‘మూలమలుపులో పరుగెత్తుకొస్తున్న పిల్ల’ అని నీలం ఇంకుతో. ష రాసేటప్పుడు తోక కిందికి లాగి కొక్కెంలా తిప్పే అలవాటు ఎవరిదో నాకు తెలుసు. ఒకటో తరగతిలో మానిపించాలని చూశాను. మానలేదు.

“ఇది…” అన్నాను.

ఆయన కంగారుపడి కాయితాన్ని చేత్తో కప్పేశారు. “అయ్యో, మీరు చూడకూడదమ్మా. పాపకి మాటిచ్చాను.”

“ఏమని?”

“పేరు లేకుండా మీ దగ్గరికి వెళ్ళాలండి. మీరు బాగుందంటే అప్పుడు నేనే రాశానని చెప్తానంది. ‘మా అమ్మ తప్పులు దిద్దితే దిద్దనీ అంకుల్, బాగుందని కూడా అనాలి’ అంది. అందుకే ఈసారి కూడా ఎవరి పేర్లూ వెయ్యలేదు.” అద్దాల పెట్టె నా ముందుకి జరిపారు. “టైపు చేసింది నేను. ఆ మాటకి అర్థం నాకూ తెలీదు, ఒట్టు. అయినా మీరు చూస్తారుగా అని ధైర్యం. ఆ రోజు పిల్ల షాపుకొచ్చి ఏడ్చింది చూడండి… నేను రాశానన్నాననుకోండి, నాకు పోయేదేముంది? నా తెలుగు సంగతి అందరికీ తెలిసిందే కదా.”

కళ్ళద్దాలు అక్కడే మర్చిపోయి వచ్చాను. ఆయన మనిషి చేత పంపించారు.

ఆగస్టు 12

నేను చూడలేదు. ఆ రోజు ప్రెస్సులో ట్యూబులైటు కొట్టుకుంటూ ఉంది. అప్పటికే రెండు ప్రశ్నపత్రాలు దిద్దాను. కళ్ళు లాగేశాయి. అలాంటప్పుడు ఒక్కోసారి మాట మీద చూపు జారిపోతుంది.

ఆగస్టు 13

చూడలేదు.

ఆగస్టు 14

పొద్దున దాని జడ వేస్తూ అడిగాను. వీపు నా వైపు ఉంది గనక అడగగలిగాను.

“కీర్తిశేషులు అంటే ఏమనుకున్నావే?”

“బడి హాల్లో గోడ మీద పటాలున్నాయిగా. స్థలం ఇచ్చినాయన, మొదటి హెడ్మాస్టరు, వాళ్ళందరి పేర్ల ముందూ కీర్తిశేషులు అనే ఉంటుంది. గొప్పవాళ్ళకి పెడతారనుకున్నా. గంట తాతకి ఎవరూ ఏదీ పెట్టరు కదా అని…” అంది.

ఇన్నేళ్ళుగా ఆ హాలుకి వెళ్తున్న వాళ్ళలో ఆ పటాల కింద రాసింది చదివింది ఇదొక్కతే అయి ఉంటుంది.

“పరుగెత్తుకొచ్చే పిల్ల నువ్వేనా?”

“నువ్వు ఏడింటికే ప్రెస్సుకి వెళ్ళిపోతావు. స్టవ్వు, నీళ్ళు, తలుపులు అన్నీ నేనే చూసుకుని రావాలి. ఆయన గంట ఆపకపోతే నాకు రోజూ ఆబ్సెంటే.” జడ చివర రబ్బరు బాండు తనే లాక్కుని వేసుకుంది. “నీకు నిజంగా కనపడలేదా అమ్మా ఆ మాట?”

“లేదమ్మా. పొరపాటున వదిలేశాను.”

“నువ్వా?” అంది. లేచి స్టవ్వు దగ్గరికి వెళ్ళింది.

ఆగస్టు 16

పిల్ల గంట తాత ఇంటికి వెళ్ళి తనే రాశానని చెప్పి వచ్చిందట. వాళ్ళక్కకి కూడా చెప్పిందట. ఆవిడ కట్టు కట్టిన చేత్తోనే నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్క మొత్తం చదివించుకుందట. గంట తాత రెండుసార్లు చదివించుకున్నాడట.

తోడు వెళ్ళింది అధ్యక్షుడు గారు. నన్ను రమ్మనలేదు.

ఆగస్టు 18

ఇక నుంచి పొద్దున ఏడింటికి కాక ఏడున్నరకి వస్తానని ఓనరుకి చెప్పాను. మొహం అదోలా పెట్టాడు. పెట్టుకోనీ.

ఆగస్టు 20

పత్రిక ఆపేస్తున్నారని విని, హెచ్చెమ్ గారి దగ్గరికి వెళ్ళి ఆపొద్దని అడిగాను. తలూపింది. ఈసారి ఆ తల ఊపు చూసి ప్రాణం లేచొచ్చింది. మొదటి పేజీలో నాకు రెండు అంగుళాల చోటు కావాలన్నాను. దేనికని అడిగింది. సవరణకి అన్నాను.

పదిహేనేళ్ళలో వందల సవరణలు చూశాను. రాయడం ఇదే మొదలు. పదకొండుసార్లు రాసి చింపాను. మైకు లాంటి వాళ్ళు ఇంత తేలిగ్గా ఎలా అంటారో, తప్పు నాదేనండీ అని. చివరికి ఇలా కుదిరింది:

‘గత సంచికలో జీవించి ఉన్న మన గంట తాతగారి పేరు ముందు కీర్తిశేషులు అని వచ్చింది. ఈ తప్పు రాసినవారిది కాదు, టైపు చేసినవారిది కాదు. పొరపాటున వదిలేసిన ప్రూఫ్ రీడరుది. తాతగారికీ, వారి అక్కగారికీ, అధ్యక్షులు గారికీ క్షమాపణలు.’

కంపోజు చేయించి ప్రూఫు తెచ్చాను. మా పిల్ల బల్ల మీద పెట్టి, పక్కన నా ఎర్ర పెన్ను పెట్టాను. “చూసి పెట్టవే” అన్నాను. అది కళ్ళెత్తి చూడలేదు.

ఆగస్టు 21

ప్రెస్సు నుంచి వచ్చేసరికి ప్రూఫు నా కుర్చీలో ఉంది. దాని కింద మా పిల్ల సైన్సు నోటుపుస్తకం కూడా పెట్టింది. ఇదెందుకు పెట్టిందా అనుకున్నాను.

పుస్తకం అట్ట జూలై ప్రూఫు. మూడో పేజీ. నేను తెచ్చిన చిత్తుకాయితాల్లో అదీ కలిసిపోయింది. గంట తాత ఫోటో మీద, కీర్తిశేషులు అన్న మాటకి ఎదురుగా మార్జిన్లో రబ్బరుతో రుద్దిన చోట కాయితం నూగు లేచి ఉంది. కిటికీ దగ్గర పెట్టి చూశాను. పెన్సిలు చుక్క గుంట అలాగే ఉంది. దాని చుట్టూ నీలం ఇంకుతో సన్నగా ఒక సున్నా చుట్టింది. పుస్తకం మీద తేదీ వేసుకుంది, ఆగస్టు 6. నేను అప్పుడు బస్సు మెట్ల గురించి ఆలోచిస్తున్నాను. అంటే సమావేశంలో నేను గెలిచి వచ్చి అభినయించి చూపించినప్పుడూ దానికి తెలుసు. జడ వేస్తుంటే అడిగినప్పుడూ తెలుసు.

సవరణ ప్రూఫులో ఒకే ఒక్క దిద్దుబాటు. నేను చిన్నప్పుడు నేర్పిన గుర్తులతోనే. ‘పొరపాటున’ అన్న మాట ఎర్రగా కొట్టేసి, మార్జిన్లో ‘చూసి’ అని రాసింది.

‘చూసి వదిలేసిన ప్రూఫ్ రీడరుది.’

అడుగున, అప్పట్లో దాని ఉత్తరం చివర నేను రాసినట్టే, చిన్న అక్షరాలతో ‘బాగుంది’ అని ఉంది.

ఒక్క అక్షరం మార్చకుండా కంపోజింగుకి ఇచ్చేశాను.